రెండు ప్రశ్నలు, నలభై అయిదు నిమిషాలు: ఈ ఇంటర్వ్యూల్లో మనం ఎవరిని వదులుకుంటున్నాం?

కపిలతీర్థం_రోడ్డు
శుక్రవారం, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. తొమ్మిదేళ్లు చెన్నైలో పనిచేసి, రెండేళ్ల కిందట తిరుపతికి వచ్చేసి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మా సంస్థలోకి కొత్తవారిని తీసుకునేటప్పుడు సాంకేతిక ఇంటర్వ్యూ చేసే పని నెలకు నాలుగైదు సార్లు నాకు పడుతుంది. మొన్న బుధవారం చేసిన రెండు ఇంటర్వ్యూలు మనసులో నలుగుతూనే ఉన్నాయి. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా పద్ధతి చాలా సంస్థల్లో ఉన్నదే. అభ్యర్థికి రెండు ప్రశ్నలు, 45 నిమిషాలు ఇస్తాం. తెర పైమూలన గడియారం తగ్గుతూ కనిపిస్తుంది. పూర్తయ్యాక నేను ఒక ఫారం నింపాలి. ఎన్ని ప్రశ్నలు పూర్తిచేశారు, ఎన్ని నిమిషాల్లో చేశారు, ఎన్ని టెస్ట్ కేసులు (కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే నమూనా లెక్కలు) పాసయ్యాయి అన్న గడులకు కలిపి నూటికి 80 మార్కులు. ‘ఇతర పరిశీలనలు’ అన్న ఒక్క గడికి 20.

మొదట వచ్చిన అబ్బాయి రెండు ప్రశ్నలనూ 31 నిమిషాల్లో ముగించాడు. సమయం మిగిలింది కాబట్టి, వరుసలో ఉన్న జాబితాలో ఒక సంఖ్య స్థానాన్ని వెతికే మొదటి ప్రశ్నకే తిరిగి వచ్చి, జాబితాలో ఒకే సంఖ్య రెండుసార్లు ఉంటే మొదటిదాని స్థానమే రావాలంటే ఏం మార్చాలని అడిగాను. అతను తన కోడ్‌ను మళ్లీ చదవలేదు. మొత్తం చెరిపేసి, ముందే నేర్చుకున్న మరో రూపాన్ని మొదటి నుంచి టైపు చేశాడు. అదీ సరిగ్గానే నడిచింది. ఎందుకు నడిచిందో చెప్పమంటే, ‘ఈ రకం ప్రశ్నకు ఇదే ప్యాటర్న్ సార్’ అన్నాడు.

తర్వాత వచ్చిన అమ్మాయి ఇక్కడికి దగ్గరలోని కాలేజీలోనే చదివింది. ప్రశ్న చదివాక కీబోర్డు ముట్టుకోలేదు. జాబితా ఖాళీగా రావచ్చా, అందులో ఎన్ని సంఖ్యలు ఉండవచ్చు, వెతికేది దొరక్కపోతే ఏం తిరిగి ఇవ్వాలి అని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకుంది. అందుకే దాదాపు పది నిమిషాలు పట్టింది. బైనరీ సెర్చ్ (వరుసలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగం చేసుకుంటూ వెతికే పద్ధతి) రాస్తూ మధ్యస్థానం కట్టే వరుస దగ్గర ఒక క్షణం ఆగింది. రెండు చివరల స్థానాలను కలిపి రెండుతో భాగించలేదు. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసి, మిగిలినదాంట్లో సగాన్ని చిన్నదానికి కలిపింది. కారణం అడిగితే, రెండు పెద్ద సంఖ్యలను కలిపితే మొత్తం కంప్యూటర్ 32 బిట్ల పూర్ణసంఖ్యలో దాచగల అతిపెద్ద విలువ అయిన 214,74,83,647ను దాటి రుణసంఖ్యగా మారే ప్రమాదం ఉందని చెప్పింది. రెండో ప్రశ్న సగంలో ఉండగా గడియారం సున్నాకు వచ్చింది.

ఆ ఒక్క వరుస వెనక చాలా చరిత్ర ఉంది. బైనరీ సెర్చ్ 1946లోనే అచ్చులోకి వచ్చినా, జాబితా ఎంత పొడవున్నా సరిగ్గా పనిచేసే రూపం అచ్చుకావడానికి 1960 దాకా పట్టిందని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ రాశారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో సరిగ్గా ఈ కూడిక పొరపాటే తొమ్మిదేళ్ల పాటు దాగి ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా ప్రకటించారు. పండితులకే అంతకాలం పట్టిన విషయాన్ని పట్టుకున్న పిల్లకు మా ఫారంలో ఒక్క మార్కు పెట్టడానికి గడి లేదు.

ఫారం లెక్క ప్రకారం అబ్బాయి ఎంపికయ్యాడు, అమ్మాయి కాలేదు. ఆ ఫారం నింపి పంపినవాణ్ణి నేనే. ఈ పద్ధతి మార్చమని పైవారిని అడగాలనుకుంటున్నాను. దీనికి బదులుగా ఏం పెట్టమని అడగాలో మాత్రం స్పష్టంగా తోచడం లేదు.

ప్లేస్‌మెంట్_మాష్టారు
శుక్రవారం, రాత్రి 10:05

మీరు చూసింది ఇంటర్వ్యూ గదిలో ఒక గంట. దాని ముందటి మూడేళ్లను కాలేజీలో నేను రోజూ చూస్తున్నాను. రెండో సంవత్సరం మొదలు కాగానే పిల్లలు ప్రశ్నలను రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక్కో అచ్చు బట్టీ పట్టడం మొదలుపెడతారు. వారిని తప్పుపట్టలేను. ఇంటి దగ్గర ఫీజు అప్పు ఉంటుంది, ఆఫర్ లెటర్ కోసం అమ్మానాన్నలు ఎదురుచూస్తూ ఉంటారు, పరీక్ష ఏది అడిగితే దానికే వారు సిద్ధమవుతారు. ల్యాబులో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగం చేయిస్తుంటే, ‘ఇది కోడింగ్ రౌండులో వస్తుందా సార్’ అని అడిగిన పిల్లవాడు మంచివాడే, తెలివైనవాడే.

గత సెమిస్టర్‌లో చివరి సంవత్సరం పిల్లలకు అరవై వరుసల ప్రోగ్రాం ఒకటి కాగితం మీద ఇచ్చి, అది ఏం చేస్తుందో తెలుగులోనో ఇంగ్లీషులోనో పది వాక్యాల్లో రాయమన్నాను. వారానికి ఇరవై ప్రశ్నలు సాధించే పిల్లలు ఆ కాగితం ముందు అరగంట నిశ్శబ్దంగా కూర్చున్నారు. తరగతి మొత్తంలో ఐదారుగురు మాత్రమే సరిగ్గా రాయగలిగారు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదంతా ఇతరులు రాసిన కోడ్‌ను చదివి అర్థం చేసుకోవడమే పని అని నా పాత విద్యార్థులు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతారు. రాయడం వచ్చి చదవడం రాని తరాన్ని తయారు చేస్తున్నామేమోనని నాకు నిజంగా భయంగా ఉంది.

పుంగనూరు_కుర్రవాడు
శుక్రవారం, రాత్రి 11:32

పెద్దలందరికీ నమస్కారాలు. నేను ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మీ మాటల్లో న్యాయం ఉంది. అయినా నా వైపు నుంచి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పదో తరగతి దాకా మా ఊళ్లో తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాను. మా అన్న నాకన్నా నాలుగేళ్లు పెద్ద. సబ్జెక్టులో నాకన్నా చాలా గట్టివాడు. అతను వెళ్లిన ఎంపికల్లో రాత పరీక్ష దాటాక గ్రూప్ డిస్కషన్ ఉండేది. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక అంశం ఇస్తే, బెంగళూరులో చదివిన పిల్లలు గలగలా మాట్లాడుతుంటే మా అన్నకు నోరు తెరిచే సందు దొరకలేదు. ‘కమ్యూనికేషన్ బలహీనం’ అని మూడుచోట్ల పక్కన పెట్టారు. ఇప్పుడు పలమనేరు దగ్గర ఒక షోరూంలో బిల్లింగ్ పని చేస్తున్నాడు.

కోడింగ్ పరీక్షకు నా యాస తెలియదు, మా నాన్న ఏం చేస్తాడో తెలియదు, మా కాలేజీ పేరు కూడా తెలియదు. తప్పయితే తప్పు, ఒప్పయితే ఒప్పు. స్నేహితుడి ల్యాప్‌టాప్ రాత్రిళ్లు అడిగి తెచ్చుకుని నాలుగు వందలకు పైగా ప్రశ్నలు సాధించాను. నాలాంటివాడు లోపలికి వెళ్లగలిగే తలుపు ఇదొక్కటే. మీరు వేగానికి మార్కులు తగ్గించి, ‘మాట్లాడే తీరు’కు మార్కులు పెంచితే, ఆ మార్కులు ఎవరికి పడతాయో ఒకసారి ఆలోచించండి. నిదానంగా ఆలోచించే ఆ అక్కకు పడతాయని మీరు అనుకుంటున్నారు. గట్టిగా ఇంగ్లీషు మాట్లాడేవారికి పడతాయని నేను అనుకుంటున్నాను.

కపిలతీర్థం_రోడ్డు
శుక్రవారం, రాత్రి 11:58

తమ్ముడూ, నువ్వు చెప్పింది నేను అసలు ఆలోచించని కోణం. ఆ అమ్మాయి ప్రశ్నలు అడిగింది కూడా తడబడే ఇంగ్లీషులోనే. మధ్యలో ఒకసారి తెలుగులోకి వచ్చి, వెంటనే ‘సారీ సార్’ అంది. ఆమె ఎందుకు క్షమాపణ చెప్పుకుందో ఇప్పుడు అర్థమవుతోంది. నేను తెలుగువాణ్ణే అయి ఉండి, తెలుగులోనే చెప్పమ్మా అని ఎందుకు అనలేదో నాకే తెలియడం లేదు.

చంద్రగిరి_కోట
శనివారం, ఉదయం 7:15

పదమూడేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. మధ్యలో పిల్లల కోసం నాలుగేళ్లు విరామం తీసుకున్నాను.

పుంగనూరు తమ్ముడి భయం నిజమైనదే. దానికి కారణం మనం రెండు వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలవడం. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడడం ఒకటి, ఎదుటివారికి అవసరమైన సంగతి సరిగ్గా చేరవేయడం మరొకటి. మా జట్టులో ఒకాయన ఉండేవారు. సమావేశాల్లో పెదవి విప్పేవారు కాదు. ఆయన రాసే డిఫెక్ట్ రిపోర్టులో మాత్రం, ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కితే తప్పు వచ్చింది, రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి, పది సార్లలో ఎన్నిసార్లు వచ్చింది అన్నవి నాలుగు చిన్న వాక్యాల్లో ఉండేవి. వ్యాకరణం తప్పులుండేవి. కానీ ఆ రిపోర్టు అందుకున్న డెవలపర్ తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగవలసి వచ్చేది కాదు. నా దృష్టిలో కమ్యూనికేషన్ అంటే అది. దాన్ని గ్రూప్ డిస్కషన్‌లో కొలవడం ఎవరి వల్లా కాదు.

ఇక గడియారం సంగతి. విరామం తర్వాత తిరిగి ఉద్యోగాలకు వెళ్లినప్పుడు, ఇంటర్వ్యూ చేసే వ్యక్తి నా ప్రతి అక్షరాన్నీ తెర మీద చూస్తుంటే నాకు చేతులు ఆడలేదు. ఇంటికి వచ్చి అదే ప్రశ్నను అన్నం వండుతూ మనసులోనే సాధించాను. అది నా ఒక్కదాని బలహీనతే అనుకుని చాలాకాలం కుంగిపోయాను. తర్వాత 2020లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం చదివాను. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఒకే రకం సమస్య ఇచ్చి, కొందరిని పరీక్షకుడి ఎదుట బోర్డు మీద గట్టిగా చెబుతూ రాయమన్నారు, మిగిలినవారిని ఒంటరిగా ఒక గదిలో వదిలేశారు. ఒకరు చూస్తున్నారన్న కారణం చేతనే పనితనం సగానికి పైగా పడిపోయింది. అంటే ఆ గదిలో మనం కొలిచేది ఎక్కువగా ఒత్తిడిని తట్టుకునే గుణాన్నే. ఉద్యోగంలో చేరాక నా పక్కన నిలబడి గడియారం పట్టుకున్నవారు ఇంతవరకు ఎవరూ లేరు.

రేణిగుంట_జంక్షన్
శనివారం, ఉదయం 9:40

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాను. రైల్వే సిగ్నలింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఈ చర్చ చూపించింది కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర ‘ప్రైవేట్ నంబర్’ అని ఒక ఏర్పాటు ఉంది. స్టేషన్ మాస్టర్ లెవెల్ క్రాసింగ్ గేటుకు ఫోన్ చేసి రైలు వస్తోంది, గేటు మూయమని చెబుతాడు. గేట్‌మ్యాన్ మూశానని నోటిమాటగా అంటే సరిపోదు. తన దగ్గరున్న కాగితంలోని ఒక సంఖ్యను చెప్పాలి. స్టేషన్ మాస్టర్ దాన్ని పుస్తకంలో రాసుకోవాలి. విన్నాను, అర్థమైంది, చేశాను అన్న మూడింటికీ ఆ సంఖ్యే సాక్ష్యం. కొత్తగా చేరినవారికి ఇది కాలయాపనగా తోచేది. ఎంత వేగంగా గేటు మూశావన్నది మా శిక్షణలో ఎవరూ మెచ్చుకున్న గుర్తు లేదు. చెప్పినదాన్ని తిరిగి చెప్పించుకున్నావా అన్నదే అడిగేవారు.

మీ రంగంలోనూ ఇలాంటిది లేకపోతే ఏమవుతుందో నాసా చెప్పింది. 1998 డిసెంబరులో అంగారకుడి వైపు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న ఆ గ్రహం దగ్గరికి చేరి నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ చోదకబలాన్ని పౌండ్ల కొలతలో ఇచ్చింది. దాన్ని అందుకున్న జట్టు అది న్యూటన్లలో ఉందనుకుంది. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. కోడ్ రాసినవారు చేతకానివారేమీ కాదు. ఏ కొలతలో ఇస్తున్నామన్నది రెండు జట్ల మధ్య తేల్చుకోలేదు. లెక్క తేడాగా ఉందన్న అనుమానం దారిలోనే కొందరికి వచ్చినా, అది చేరవలసిన చోటికి చేరలేదు. జట్ల మధ్య సమాచారం సరిగ్గా సాగలేదని విచారణ సంఘం నివేదికలోనే ఉంది. ఆ అమ్మాయి అడిగిన ‘ఎన్ని సంఖ్యలు ఉండవచ్చు, లేకపోతే ఏం ఇవ్వాలి’ అన్న ప్రశ్నలు చదవగానే నాకు ఇది గుర్తుకు వచ్చింది.

పాలకేంద్రం_లెక్కలు
శనివారం, మధ్యాహ్నం 2:10

చిత్తూరులో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. మొత్తం తొమ్మిది మందిమి. పాల సేకరణ కేంద్రాలకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వేబ్రిడ్జిలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. నా అనుభవం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనికి నేను డబ్బు రూపంలో మూల్యం చెల్లించాను.

మూడేళ్ల కిందట ఒక కుర్రవాణ్ణి తీసుకున్నాను. కోడింగ్ పరీక్షలో అతనంత వేగంగా చేసినవారు మాకు అంతవరకు తగల్లేదు. పాల కేంద్రం బిల్లింగ్ మాడ్యూల్ అప్పగించాను. రైతు క్యాన్ తెస్తాడు, తూకం వేస్తారు, శాంపిల్ యంత్రంలో పెడితే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల) శాతం వస్తాయి, రేట్ల పట్టికలో ఆ రెండూ కలిసే గడిలోని ధరతో గుణిస్తే రైతుకు రావలసిన మొత్తం. అంతే కదా అనిపిస్తుంది. అతనికీ అంతే అనిపించింది. నాలుగు రోజుల్లో పూర్తి చేశాడు. నేను సంతోషించాను.

పదో రోజున కేంద్రం నుంచి ఫోన్. రైతులు గొడవ చేస్తున్నారు. వెళ్లి చూస్తే, ఆ కేంద్రంలో తూకం కిలోల్లో వేస్తున్నారు, ధర మాత్రం లీటరుకు. పాలు నీటికన్నా కొద్దిగా బరువు. లీటరు పాలు కిలోకన్నా మూడు శాతం దాకా ఎక్కువ తూగుతాయి. ముందున్న గుమాస్తా ఆ తేడాను చేతితో సరిచేసి రాసేవాడు. మావాడు కిలోలను నేరుగా లీటరు ధరతో గుణించాడు. అంటే కేంద్రం పది రోజుల పాటు ప్రతి క్యానుకూ ఎక్కువ చెల్లించింది. ఆ తర్వాత లెక్క సరిచేస్తే, నిన్నటిదాకా వచ్చిన డబ్బు ఇవాళ ఎందుకు తగ్గిందని రైతులు నిలదీశారు. వారి తప్పు అందులో రవ్వంత కూడా లేదు. తేడా సొమ్ము నేనే కట్టాను.

ఇంకోటి కూడా ఉంది. రేట్ల పట్టికలో వెన్న శాతం 3.9, 4.0, 4.1 అని ఒక దశాంశ స్థానం వరకే ఉంటుంది. యంత్రం 3.95 చూపిస్తే ఏ గడి తీసుకోవాలి? దశాంశ భిన్నాలు చాలావరకు బైనరీలో కచ్చితంగా ఇమడవు. 0.1, 0.2 కలిపితే కంప్యూటర్ 0.30000000000000004 అని చూపించడం మీలో చాలామంది చూసే ఉంటారు. కాబట్టి దగ్గరి గడికి సవరించే పనిని ప్రోగ్రామింగ్ భాషకు వదిలేస్తే, అంచు మీద ఉన్న విలువ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయినట్టు కనిపిస్తుంది. పూటకు ఎనిమిది లీటర్లు పోసే మనిషికి ఆ ఒక్క గడి తేడా నెల తిరిగేసరికి లెక్కలోకి వచ్చే డబ్బు. అది సాఫ్ట్‌వేర్ నిర్ణయించవలసిన విషయం కాదు. కేంద్రం వారిని అడిగి, వారు చెప్పిన నియమాన్ని గోడ మీద రాయించి, దాన్నే కోడ్‌లో పెట్టాలి.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతను ఒక్కసారి కూడా పాల కేంద్రానికి వెళ్లలేదు, వెళ్లమని నేనూ చెప్పలేదు, ఎందుకంటే నేనూ వేగాన్నే మెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంటర్వ్యూలో కోడింగ్ ముప్పావు గంట ఉండదు. రేట్ల పట్టిక ఒకటి, పాల చీటీలు నాలుగు బల్ల మీద పెడతాను. ‘ఇది నువ్వు చేయాలి. మొదలుపెట్టే ముందు నన్ను ఏం అడుగుతావు?’ అంటాను. ఏ భాషలోనైనా అడగవచ్చు. అరగంట ఇస్తాను, నేను బయటికి వెళ్లిపోతాను. ఆ తర్వాత చిన్న ప్రోగ్రాం రాయమంటాను, ఎందుకంటే రాయడం కూడా రావాలి. అందులో నాకు రాజీ లేదు.

శ్రీసిటీ_నియామకాలు
శనివారం, సాయంత్రం 6:25

పాలకేంద్రం గారి పద్ధతి బాగుంది. తొమ్మిది మంది సంస్థలో అది సాధ్యం. పెద్ద సంస్థల నియామకాల్లో పనిచేసినదానిగా మరో వైపు చెబుతాను. ఒక్క ప్రకటనకు వేలల్లో దరఖాస్తులు వస్తాయి. వారందరితో మాట్లాడే ఇంజనీర్లు మా దగ్గర ఉండరు. యంత్రం దిద్దే పరీక్ష లేకపోతే, మేము చేయగలిగేది కాలేజీ పేరు చూసి, పర్సెంటేజీ చూసి కొట్టేయడమే. అది పుంగనూరు అబ్బాయికి ఇంకా పెద్ద అన్యాయం.

కాబట్టి తొలి వడపోతలో ఆ పరీక్షను నేను సమర్థిస్తాను. కాని జల్లెడ వేరు, తక్కెడ వేరు. కనీసం ప్రోగ్రాం రాయగలరా లేదా అన్నది తేల్చడానికి పరీక్ష చాలు. అక్కడ దాటినవారిలో 31 నిమిషాలవాడు 45 నిమిషాలవారికన్నా మేలని తేల్చడానికి అది పనికిరాదు. మేము చేస్తున్న పొరపాటు, జల్లెడతోనే తూకం కూడా వేయడం.

ఇక ముఖాముఖి గురించి. 2022లో పాల్ శాకెట్, ఆయన సహచరులు ఎంపిక పద్ధతుల మీద వచ్చిన పాత పరిశోధనలను తిరిగి లెక్కగట్టారు. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసిపెట్టుకున్న మార్కుల కొలమానం ఉన్న ఇంటర్వ్యూ, ఉద్యోగంలో పనితనాన్ని ముందుగా అంచనా కట్టడంలో అన్ని పద్ధతులకన్నా ముందు నిలిచింది. నోటికి వచ్చింది అడిగే ఇంటర్వ్యూ చాలా వెనకబడింది. కపిలతీర్థం గారూ, మీ ఫారంలోని ‘ఇతర పరిశీలనలు’ అన్న గడికి మార్కులు పెంచమని మాత్రం అడగవద్దు. అది ఖాళీ గడి. అందులోకే యాస, వేషం, ఊరు అన్నీ దూరతాయి. దాన్ని పగలగొట్టి, ప్రశ్నలోని అస్పష్టతను గుర్తించారా, తాము రాసినది ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగారా, ఇతరుల కోడ్‌లో తప్పు చూపగలిగారా అని విడివిడి గడులు చేసి, ఒక్కో మార్కుకు ఏం కనిపించాలో ముందే రాసిపెట్టమని అడగండి. అభ్యర్థి కోరుకున్న భాషలో అన్న మాట కూడా చేర్పించండి.

తిరుచానూరు_కోనేరు
శనివారం, రాత్రి 8:50

ఒక చిన్న మాట. 2022 నవంబరు ఆఖరున చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, ఇలాంటి కోడింగ్ పరీక్షల్లోని సగటు ప్రశ్నకు కోడ్ రాయడం యంత్రానికి క్షణాల పని అయింది. మా జట్టులో ఇప్పుడు ఎక్కువ సమయం పోతున్నది, యంత్రం రాసిచ్చినది సరైనదో కాదో తేల్చుకోవడానికే. చదివి తప్పు పట్టగలవారు లేక మా దగ్గర రెండు పనులు ఆగి ఉన్నాయి. మాష్టారు గారి అరవై వరుసల కాగితమే నేటి అసలైన పరీక్ష అని నా అభిప్రాయం.

కపిలతీర్థం_రోడ్డు
సోమవారం, రాత్రి 9:05

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ మా మేనేజర్‌తో గంటసేపు మాట్లాడాను. నియామక విభాగం మొదటి రౌండును మార్చేది లేదని చెప్పింది. రెండో రౌండు ఫారంను మాత్రం శ్రీసిటీ గారు చెప్పినట్టు విడగొట్టి, ఈ మూడు నెలలు మా ఒక్క జట్టులో వాడి చూడడానికి ఒప్పుకున్నారు. గడియారం తీసేయడం కుదరలేదు. 45 నిమిషాలను 75 చేసి, రెండు ప్రశ్నల బదులు ఒకటే ఇస్తాం.

ఆ ఒక్క ప్రశ్న మన ఊరి నుంచే తీసుకున్నాను. తిరుమల మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయాన్ని ఊహించుకోమంటాను. ఒక సమయానికి ఒక్క టికెట్టే మిగిలి ఉండగా ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కితే ఏం జరగాలి? డబ్బు ఖాతాలోంచి పోయి, పేజీ మధ్యలో ఆగిపోయి, మనిషి కంగారుపడి మళ్లీ నొక్కితే ఏం జరగాలి? అభ్యర్థి ముందు తన ప్రశ్నలు అడగాలి, తర్వాత ఆ భాగం మాత్రం రాయాలి.

ఆ అమ్మాయిని తిరిగి పిలవడానికి అనుమతి దొరికింది. ఫోన్ చేసి, గురువారం ఉదయం అని చెప్పాను. తెలుగులో మాట్లాడవచ్చా అని తనే అడిగింది.

పుంగనూరు_కుర్రవాడు
మంగళవారం, ఉదయం 8:30

పాలకేంద్రం_లెక్కలు సార్, మీ పోస్టు చదివినప్పటి నుంచి మనసు ఊరుకోలేదు. మా ఇంట్లో రెండు ఆవులున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పాల చీటీ సరిగ్గా చదవలేదు. ఈ ఉదయం మా అవ్వ వెంట కేంద్రానికి వెళ్లి గంటసేపు నిలబడి చూశాను. మీరు బల్ల మీద కాగితాలు పెట్టి ఉంటే నేను అడిగేవి ఇవి.

తూకం వేసేటప్పుడు ఖాళీ క్యాన్ బరువు ప్రతిసారీ తీసేస్తున్నారా, లేక ఒకే బరువు అనుకుని తీసేస్తున్నారా? మా అవ్వ క్యాన్ పాతది, సొట్టలు పడింది, మూత వేరే క్యానుది. కరెంటు పోయి యంత్రం మధ్యలో ఆగితే ఆ శాంపిల్ మళ్లీ పెడతారా, లేక నిన్నటి వెన్న శాతమే వేస్తారా? ఈ రోజు నా కళ్ల ముందే ఒకరికి నిన్నటిదే వేశారు. ఆవు పాలు, గేదె పాలు కలిపి తెచ్చినవారికి ఏ పట్టిక? చీటీలో పేరు ఇంగ్లీషులో వస్తోంది, అవ్వకు చదవడం రాదు. చీటీ తనదేనని ఆమెకు ఎలా తెలియాలి?

చివరిదానికి కోడ్ ఎలా రాయాలో నాకు ఇంకా తెలియదు సార్.

పాలకేంద్రం_లెక్కలు
మంగళవారం, ఉదయం 10:15

నిన్నటి శాతం వేయడం గురించి మా సాఫ్ట్‌వేర్‌లో ఏ ఏర్పాటూ లేదు. మూడేళ్లుగా ఆ ప్రశ్న మాకు తట్టలేదు, ఏ కేంద్రం వారూ చెప్పలేదు. కరెంటు పోయినప్పుడు తీసిన శాంపిల్‌ను విడిగా గుర్తుపెట్టే గడి ఈ వారమే చేర్చాలి. చీటీ మీద పేరు తెలుగులో ముద్రించడం మా ప్రింటర్‌తో సాధ్యమేనని ఇప్పుడే మావాళ్లు చెప్పారు. పేరు పక్కన ఆవు బొమ్మో, సంఖ్యో వేయాలా అన్నది మీ అవ్వను అడిగి చెప్పు.

నీ పరీక్షలు ఎప్పుడు అయిపోతాయో వేదిక ద్వారా నాకు విడిగా సందేశం పంపు నాయనా. శనివారాలు మధ్యాహ్నం దాకా ఆఫీసులోనే ఉంటాను. వచ్చేటప్పుడు ఈ ఉదయం చీటీ కూడా తీసుకురా.